యుద్ధ వార్తల నడుమ ప్రార్థన కూడిక నడపడం: హబక్కూకు గ్రంథంతో నాలుగు సాయంత్రాలు

ఎక్కడో యుద్ధం మొదలైందని తెలిసిన వారంలో మన సంఘాల్లో సాధారణంగా రెండు రకాల ప్రార్థనలు వినబడతాయి. మొదటిది "లోకశాంతి కొరకు" అని ఒక్క మాటలో ముగిసి, వెంటనే మందిర నిర్మాణం అనే తరువాతి అంశానికి సాగిపోతుంది. రెండవది క్రీస్తు రాకడ గుర్తులను లెక్కించడంలో పడి, బాంబుల కింద ఉన్న మనుషులను మరచిపోతుంది. రెండూ భక్తితో చేసేవే. కానీ ఇల్లు కోల్పోయిన మనిషి పక్కన కూర్చుని చేయదగిన ప్రార్థనలు కావు. అటువంటి మనిషి మన మధ్య ఉన్నా లేకపోయినా, ఉన్నట్లే భావించి గృహకూడికను నడపడం ఎలాగో నాకు తెలిసిన మేరకు ఇక్కడ వివరిస్తాను. ఇందుకు నేను ఆధారంగా తీసుకున్నది బైబిలు పాత నిబంధనలోని హబక్కూకు ప్రవక్త గ్రంథం. అందులో ఉన్నవి మూడు అధ్యాయాలు, 56 వచనాలు మాత్రమే.

ఈ గ్రంథంలో మనవాళ్లకు బాగా తెలిసినవి చివరి వచనాలు. "అంజూరపు చెట్లు పూయకుండినను" అన్న మాట మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, గోడల మీద, కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద కనబడుతుంది. ఆ మాట దగ్గరికి చేరడానికి ముందు ప్రవక్త దేవునితో ఎంత వాదించాడో మాత్రం చాలామంది చదివి ఉండరు. మొదటి అధ్యాయాన్ని దాటవేసి మూడవ అధ్యాయంలోని సంతోషాన్ని ఇతరుల చేత పలికించడం, గాయపడినవారి విషయంలో మనం చేసే పెద్ద తప్పు అని నేను నమ్ముతున్నాను. కాబట్టి నాలుగు సాయంత్రాలలో ఏది మార్చినా ఫరవాలేదు గాని, ఈ వరుసను మార్చవద్దు.

ముందుగా చేసుకోవలసిన సిద్ధపాటు

వారానికి ఒక సాయంత్రం చొప్పున, గంటన్నరకు మించకుండా, పది పదిహేను మందితో ఒక ఇంట్లో కూడుకోవడం మంచిది. మైకు వద్దు, ఎందుకంటే మైకు ముందు మనిషి మొర పెట్టడు, ప్రసంగిస్తాడు. ఒక లావుపాటి నోటుపుస్తకం కొని, కూడికకు వచ్చే ప్రతి ఒక్కరికీ అందులో ఒక పేజీ కేటాయించండి. వాక్యం చదవడానికి అందరూ ఒకే అనువాదాన్ని వాడాలి. పాత తెలుగు అనువాదం వాడితే "మొఱ్ఱ", "బలాత్కారము", "కనిపెట్టుట" వంటి మాటలు దొరుకుతాయి, అవి ఈ పనికి బాగా ఉపకరిస్తాయి. చదువు రాని పెద్దవారు ఉంటే ప్రతి భాగాన్నీ రెండుసార్లు నెమ్మదిగా చదివించాలి. వారి పేజీలో వారు చెప్పింది చెప్పినట్లు వేరొకరు రాయాలి, భాష దిద్దకూడదు.

ప్రార్థన కోసం ఒకే ఒక్క యుద్ధాన్ని లేదా ఒకే ఒక్క అణచివేతను ఎంచుకోండి. లోకంలోని యుద్ధాలన్నిటినీ ఒకే సాయంత్రం ప్రభువు సన్నిధిలో పెట్టాలని చూస్తే ఏదీ మనసుకు తాకదు. యుక్రెయిన్ కావచ్చు, గాజా కావచ్చు, సూడాన్ కావచ్చు, 2023 మే నెలలో మొదలైన మణిపూర్ హింస కావచ్చు. ఎంచుకున్నదాని పటాన్ని తెచ్చి, ఊళ్ల పేర్లు పలకడం నేర్చుకోండి. మృతదేహాల వీడియోలు మాత్రం చూపించవద్దు. అవి చూసినవారికి ప్రార్థించే శక్తి పెరగదు, పైగా చనిపోయినవారికి దక్కవలసిన మర్యాద పోతుంది.

మా కూడికలో గల్ఫ్ యుద్ధ వార్తలను ఎంచుకోవడానికి ఒక తల్లి కారణం. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు. 1990లో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడినుంచి లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చిన సంగతి మన జిల్లాల్లో పెద్దలకు ఇంకా జ్ఞాపకం ఉంది. కాబట్టి ఆ ప్రాంతంలో క్షిపణులు ఎగిరాయనే వార్త వస్తే, గోదావరి జిల్లాల్లోనూ కడపలోనూ కరీంనగర్‌లోనూ ఎన్నో ఇళ్లలో అన్నం ముద్ద దిగదు. ఆమె కూడికకు వచ్చినప్పుడు ఫోనును ఒళ్లో, తెర పైకి కనబడేలా పెట్టుకుని కూర్చునేది. కళ్లు మూసుకోమన్నప్పుడు కూడా మూసుకునేది కాదు.

మొదటి సాయంత్రం: మొర

మొదటి అధ్యాయం మొత్తం చదివించండి. తరువాత కాలాన్ని క్లుప్తంగా చెప్పండి. క్రీ.పూ. 612లో అష్షూరు రాజధాని నీనెవె కూలింది, 605లో కర్కెమీషు దగ్గర ఐగుప్తు సేనలను బబులోను ఓడించింది, 597లో యెరూషలేము లొంగిపోయింది, 586లో దేవాలయంతో సహా కాలిపోయింది. ప్రవక్త మాటలు ఈ కాలానికి చెందినవి. గుంపు ఇక్కడ గమనించవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ప్రవక్త మొదటి మొర విదేశీ సేనల గురించి కాదు. ధర్మశాస్త్రం నిరర్థకమైపోయిందని, న్యాయం చెడిపోయిందని, భక్తిహీనులు నీతిపరులను చుట్టుముట్టారని అతడు అన్నది తన సొంత ప్రజల మధ్య జరుగుతున్నదాని గురించే. ఆ రోజుల్లో రాజైన యెహోయాకీము పొరుగువాని చేత పని చేయించుకుని జీతమివ్వకుండా విశాలమైన మందిరం కట్టించుకున్నాడని యిర్మీయా 22వ అధ్యాయం చెబుతుంది. కల్దీయుల, అంటే బబులోనువారి, గుర్రాలు రాకముందే యెరూషలేములో కూలివాడి కడుపు కొట్టడం మొదలైంది.

కాబట్టి యుద్ధం గురించి ప్రార్థించేవారు ముందుగా తమ వాడలో, తమ పొలంలో, తమ సంఘంలో ఉన్న బలాత్కారాన్ని పేరు పెట్టి ఒప్పుకోవాలి. ఇంటి పనిమనిషికి ఆపిన జీతం, ఇంటి నాలుగు గోడల మధ్య భార్య తినే దెబ్బలు, సువార్త వచ్చి తరాలు గడిచినా సంఘంలో పెండ్లి సంబంధాల దగ్గర వదలని కులం, ఇవన్నీ ఆ మొదటి నాలుగు వచనాల కిందికి వస్తాయి. ఇక్కడ పది నిమిషాలు మౌనంగా ఉండనివ్వండి. నడిపేవారికి ఆ మౌనం భరించలేనట్లు అనిపిస్తుంది, అయినా పాట అందుకోకూడదు.

ఆ తరువాత ప్రతి ఒక్కరినీ "యెహోవా, ఎన్నాళ్లు" అనే మాటతో ఒక వాక్యం చెప్పమనండి, అది వారి పేజీలో రాయండి. దానికి ఎవరూ జవాబు చెప్పకూడదు, ఓదార్చకూడదు, సరిచేయకూడదు. ఈ నియమాన్ని ముందే స్పష్టంగా ప్రకటించాలి. నేను ప్రకటించలేదు. ఆ తల్లి "యెహోవా, ఎన్నాళ్లు నేను ఈ ఫోను ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చోవాలి?" అన్నది. పక్కనున్నవారు వెంటనే "విశ్వాసముండాలమ్మా, అలా అనకూడదు" అన్నారు. నేను ఆ మాటను ఆపలేదు. తరువాతి వారం ఆమె రాలేదు. ప్రవక్త మొరను దేవుడే గ్రంథంగా భద్రపరిచినప్పుడు అలాంటి మొరను అవిశ్వాసం అని పిలిచే అధికారం మనకు లేదని నేను ఆమె ఇంటికి వెళ్లి, వాకిట్లో నిలబడి చెప్పి క్షమాపణ అడిగాను. అది కూడిక మొదట్లోనే చెప్పవలసిన మాట.

రెండవ సాయంత్రం: కావలి గోపురం మీద

దేవుడు ఇచ్చిన జవాబు ప్రవక్తను ఇంకా కలవరపెట్టింది. యూదాలోని అన్యాయాన్ని శిక్షించడానికి అంతకంటె క్రూరులైన కల్దీయులను రేపుతున్నానని ఆయన అన్నాడు. జాలరి చేపలను పట్టినట్లు వారు మనుషులను వలలో పోగుచేసుకుని, ఆ వలకే బలులర్పిస్తున్నారే అని ప్రవక్త తిరిగి అడిగాడు. ఆయుధాన్ని పూజించే రాజ్యాన్ని ఇంతకంటె సూటిగా వర్ణించడం కష్టం. జవాబు కోసం అతడు గోపురం ఎక్కి కనిపెట్టుకుని ఉన్నాడు.

రెండవ అధ్యాయంలో "శ్రమ" అని ఐదుసార్లు ప్రకటన వస్తుంది. తనది కానిది పోగుచేసుకునేవాడికి, అన్యాయపు లాభంతో ఇల్లు కట్టుకునేవాడికి, నరహత్యతో పట్టణం కట్టించేవాడికి, పొరుగువానికి మత్తు తాగించి అవమానించేవాడికి, విగ్రహాన్ని మేల్కొమ్మని పిలిచేవాడికి శ్రమ. ఐదుగురు వేర్వేరుగా ఒక్కొక్కటి చదివితే బాగుంటుంది. గోడలోని రాయి మొరపెడితే దూలం జవాబిస్తుందన్న 11వ వచనం దగ్గర కాసేపు ఆగండి. బాంబు పడిన ఇంటి ఫొటో చూసినవారికి ఆ వచనానికి వ్యాఖ్యానం అవసరం లేదు. నాలుగవ వచనంలోని "నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును" అనే మాటను పౌలు రోమా పత్రికలోనూ గలతీ పత్రికలోనూ తీసుకున్నాడు. అది మొదట పలికింది ముట్టడికి గురికాబోయే పట్టణం కోసమని గుర్తు చేయండి. తన సొంత వలను నమ్ముకునేవాడికి ఎదురుగా, దేవుని మాటను పట్టుకుని వేచి ఉండేవాడిని అది నిలబెడుతుంది.

ఈ సాయంత్రమే ఎవరో ఒకరు "యుద్ధం చేయడం క్రైస్తవునికి తగునా?" అని తప్పక అడుగుతారు. దాటవేయవద్దు, అలాగని గంటంతా దానికే ఇవ్వవద్దు. సంఘ చరిత్రలో దీనికి ఒకే జవాబు లేదు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను, నిర్దోషులను కాపాడడానికి న్యాయబద్ధమైన అధికారం దుఃఖంతో చేసే యుద్ధం ఉండవచ్చని బోధించాడు. ఆయన 430లో కన్నుమూసినప్పుడు ఆయన పట్టణాన్నే వాండలులు అనే తెగవారు ముట్టడించి ఉన్నారు. మరో వైపు మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవారు ఆయుధం పట్టడమే ప్రభువు బోధకు విరుద్ధమని 16వ శతాబ్దం నుంచి పట్టుబట్టి, అందుకోసం దేశాలు విడిచి వలసపోయారు. వారిలో రష్యా నుంచి వచ్చిన మిషనరీల సేవతో 19వ శతాబ్దం చివర నల్లగొండ ప్రాంతంలో పని మొదలై, నేడు మహబూబ్‌నగర్ కేంద్రంగా తెలంగాణలో మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు ఉన్నాయి. సైన్యంలో పిల్లలున్న కుటుంబాలు, మెన్నోనైట్ కుటుంబాలు ఒకే కూడికలో ఉండగలవు. ఏ పక్షమైనా శత్రువును ద్వేషించే అనుమతి సువార్తలో లేదన్న దగ్గర ఇద్దరూ కలుస్తారు, అక్కడినుంచి ప్రార్థన మొదలుపెట్టండి.

ఇంకొక జాగ్రత్త. నేటి వార్తల్లోని ఒక దేశాన్ని వెంటనే కల్దీయులుగా, మరొకదాన్ని దేవుని ప్రజలుగా అతికించవద్దు. 1947లో మృత సముద్రం దగ్గర మొదట దొరికిన ప్రాచీన గ్రంథపు చుట్టల్లో హబక్కూకు వ్యాఖ్యానం ఒకటుంది. దాన్ని రాసినవారు కల్దీయులంటే తమ కాలపు "కిత్తీయులు" అని చదివారు, ఆ పేరుతో వారు సూచించింది రోమీయులనని పండితులు చెబుతారు. ప్రతి తరం తన కల్దీయులను చూడడం సహజమే, కానీ మన వైపున్నవారు వల పూజించడం లేదని నమ్మడం ప్రమాదం. మన సంఘాల్లో యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించడం ఆనవాయితీ, అది వాక్యానుసారమే. 2023 అక్టోబరు 7న ఇశ్రాయేలులో చంపబడినవారి కోసం, బందీలుగా పోయినవారి కోసం ఏడ్చిన నోటితోనే, అదే నెల 19న దాడికి గురైన గాజాలోని సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్నవారి కోసం, వారి ముస్లిం పొరుగువారి కోసం కూడా ఏడవగలగాలి. యుద్ధ సమాచారాల గురించి మత్తయి 24లో ప్రభువు అన్నది "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అని, "అంతము వెంటనే రాదు" అని. తేదీలు లెక్కించమని కాదు.

మూడవ సాయంత్రం: ఆత్మీయ స్వాతంత్ర్యం అంటే ఏమిటి

ఈ సాయంత్రం మాత్రం హబక్కూకును పక్కన పెట్టి, అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణానికి వెళ్లండి. పౌలు సీలలు అర్ధరాత్రి చెరసాలలో పాడారని అందరికీ తెలుసు. వారు చెరలో ఎందుకు పడ్డారని అడిగి చూడండి, సగం మందికి గుర్తుండదు. సోదె చెప్పి యజమానులకు లాభం సంపాదించిపెట్టే ఒక బానిస పిల్లను దయ్యం నుంచి విడిపించారు. లాభం పోయేసరికి యజమానులు వీరిని ఈడ్చుకుపోయారు. ఆ పిల్లకు కలిగింది ఆత్మీయ విడుదలే, కానీ దాని దెబ్బ తగిలింది యజమానుల డబ్బు సంచికి. తెల్లవారి న్యాయాధిపతులు రహస్యంగా పంపివేయబోతే, విచారణ లేకుండా రోమీయులను బహిరంగంగా కొట్టించారు గనుక వారే వచ్చి మమ్మల్ని వెలుపలికి తీసుకొని పోవాలని పౌలు పట్టుబట్టాడు. చెరలో పాడగలిగిన స్వేచ్ఛ, అన్యాయాన్ని అన్యాయమని చెప్పే ధైర్యం, తనను బంధించిన చెరసాల నాయకుడి ప్రాణం కాపాడే జాలి, మూడూ ఒకే రాత్రి ఒకే మనిషిలో ఉన్నాయి.

ఈ మూడింటిని విడదీస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1807లో లండన్‌లో, వెస్టిండీస్ దీవుల్లోని ఆఫ్రికన్ బానిసల కోసమని బైబిల్లోని కొన్ని భాగాలు మాత్రమే ఏర్చి అచ్చువేశారు. యోసేపు బానిసగా అమ్ముడుపోయిన కథ అందులో ఉంచారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటికి వచ్చిన కథను తీసివేశారు. ఆత్మకు మాత్రమే స్వాతంత్ర్యం, ఒంటికి సంకెల అని బోధించాలనుకున్నవారికి నిర్గమకాండము అడ్డు వచ్చింది.

ఇక మన గడ్డ మీది సంగతి చెప్పండి. 1876–78లో వచ్చిన మహాకరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, సర్వే పని తెలిసినవాడు కావడంతో, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇతర చోట్ల తిట్లు, అవమానాలు పడి పనికి వెళ్లడానికి జంకిన మాదిగ కుటుంబాలు అక్కడ కూలి చేసి ప్రాణం నిలుపుకున్నాయి. తెలిసినవాడైన మేస్త్రీ కింద పని, పూర్తి కూలి, సాయంత్రం వాక్యం. కరువున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు, ఎందుకంటే తిండి కోసం వచ్చారనే మాట వారిమీద పడకూడదనుకున్నాడు. కరువు సాయం ఆగిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం దానికంటె ఆ కాలువ కూలి, ఆ నిరీక్షించిన నెలలు ఎక్కువగా మాట్లాడతాయి. ఆకలిని వాడుకోకుండా ఆకలి తీర్చడం అందులో కనబడుతుంది.

ఈ సాయంత్రం ప్రార్థన చివర ఒక పని నిర్ణయించుకోవాలి. గల్ఫ్‌లో చిక్కుకున్నవారి కుటుంబానికి నెల సరుకులు, భర్త డబ్బు పంపలేకపోయిన ఇంట్లో పిల్లల ఫీజు, ఎంబసీ ఫారాలు నింపడానికి చదువుకున్న యువకుడి సాయం, ఏదైనా సరే. విదేశాలకు విరాళం పంపాలనుకుంటే నిబంధనలు ఉంటాయి కాబట్టి మీ సంఘ పెద్దల ద్వారానే చేయాలి. సాయం పొందేవారి పేరు ప్రకటించవద్దు, ఫొటో తీయవద్దు.

నాలుగవ సాయంత్రం: కొవ్వొత్తి, ఖాళీ కొట్టం

కూడిక మొదట్లో లైట్లు తీసి ఒక్కొక్కరికి ఒక కొవ్వొత్తి ఇవ్వండి. అప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెయింట్ నికొలాయ్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం ఐదు గంటలకు శాంతి ప్రార్థన జరిగేది. పట్టుమని పది మంది కూడా రాని వారాలు ఉన్నాయి. 1989 అక్టోబరు 9న బయట సాయుధ బలగాలు మోహరించి ఉండగా, లోపల అధికార కమ్యూనిస్టు పార్టీ పంపిన వందలమంది ముందే వచ్చి కూర్చుని కొండమీది ప్రసంగాన్ని విన్నారు. ప్రార్థన ముగిశాక సుమారు 70,000 మంది కొవ్వొత్తులతో వీధుల్లో నడిచారు, తుపాకీ పేలలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. గాలిలో కొవ్వొత్తి ఆరకుండా పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, రాయి పట్టుకోవడానికి చేయి మిగలదు అని ఆ సంఘ కాపరి క్రిస్టియన్ ఫ్యూరర్ తరువాత వివరించేవాడు. గుంపును కొవ్వొత్తులతో వాకిట్లోకి ఒకసారి నడిపించండి, గాలి ఆ సంగతిని వారి చేతులకే చెబుతుంది. ప్రతి ప్రార్థనా ఇలా ముగుస్తుందని మాత్రం వాగ్దానం చేయవద్దు. యెరూషలేము కాలిపోయింది.

లోపలికి వచ్చాక మూడవ అధ్యాయం చదవండి. 16వ వచనంలో ప్రవక్త పెదవులు వణుకుతున్నాయి, ఎముకలు కుళ్లిపోతున్నట్లున్నాయి. భయం పోయిన తరువాత అతడు పాడలేదు, వణుకుతూనే పాడాడు. 17వ వచనంలోని అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, దొడ్డి, సాల ఆ ఊరివారి ఒక ఏడాది తిండి మొత్తం. ఎవరి నోటుపుస్తకం పేజీలో వారు, తమ జీవనాధారాల పేర్లతో ఆ వచనాన్ని తిరిగి రాయాలి. కౌలు రైతు మిరప తోట పేరు రాస్తాడు, ఆటో నడిపేవాడు కిస్తీ పేరు రాస్తాడు. 18వ వచనాన్ని రాయమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. రాయలేనివారి తరఫున మిగతావారు దాన్ని గట్టిగా చదవాలి, సంఘం ఉన్నది అందుకే.

మూడవ వారం నుంచి తిరిగి వస్తున్న ఆ తల్లి తన పేజీని ఇలా చెప్పి రాయించింది: "వాడి ఫోను మోగకపోయినను, వెస్ట్రన్ యూనియన్ డబ్బు రాకపోయినను, ఇంటి అప్పు తీరకపోయినను". అక్కడ ఆగిపోయింది. మేం పన్నెండు మందిమి ఆమె చుట్టూ నిలబడి "నేను యెహోవాయందు ఆనందించెదను" అని చదివాం. ఆమె పెదవులు కదిలాయో లేదో కొవ్వొత్తి వెలుగులో నాకు సరిగా కనబడలేదు. ఆ పేజీలో కింది సగం ఖాళీగానే ఉంచాం, తరువాతి శుక్రవారం కూడికను అక్కడినుంచే మొదలుపెట్టాం.